పొలిమేర దాటని డ్రైవరు

"రాణిగారి మేడని దుప్పటి మడిచినట్టు మడిచిన మహానుభావుడు ఎవురయ్యా?"

తిరువళ్లూరు బస్టాండు వెనక సందులో, పొద్దున్నే లారీ మీదికెక్కి తాడు బిగిస్తున్న శశికుమార్ ఉలిక్కిపడి కిందికి చూశాడు. చున్నీని నడుముకి బిగించి, మెడలో కొలత టేపు వేలాడేసుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. చూపులకే గనక మంట ఉంటే లారీ టైర్లు అప్పటికే అంటుకునేవి.

"నేనే. ఏం, నీట్‌గా లేదా?"

"నీటా! రంగు తెరని వెదురుకి చుట్టాల సామీ, మడవకూడదు. మడిస్తే రంగు పగుల్తాది. చూడు, మేడ నడిమికి చీలిపోయింది."

"ఒగ గీత పడితే ఏమైపోతాది? పాత మేడలే అనుకుంటారు."

"నీ లారీకి ఒగ గీత గీస్తా. పాత లారీలే అనుకుంటావా?"

ఆ లారీ మీద ఈగ వాలినా శశికి అన్నం సహించదు. గబగబా దిగి తెర విప్పాడు. ఒక చివర ఆ అమ్మాయి, ఒక చివర తను పట్టుకుని వెదురుకి చుట్టారు. చుట్టడం సగంలో ఉండగా ఆమె పేరు జనని అని తెలిసింది. పూర్తయ్యేసరికి, ఒక్క ట్రిప్పు కోసమని వచ్చిన శశి రెండో ట్రిప్పుకి కూడా ఒప్పేసుకున్నాడు.

జనని వాళ్ల నాన్న కోదండరామ వాద్యార్. వీధుల్లో తెల్లవార్లూ ఆడే కూత్తు నాటకాల జట్టుకి గురువు. వారమంతా జాకెట్లు కుట్టే షాపులో పనిచేసే జనని, శని ఆదివారాల్లో జట్టుతోపాటు లారీ ఎక్కి తెరలూ వేషాలూ చూసుకుంటుంది. శశిది తిరుత్తణి పక్క పల్లె. ఇంట్లో అతనూ, వాళ్లమ్మ మునిలక్ష్మీ, అంతే.

ఆ ఏడాది లారీ తిరగని ఊరు లేదు. ఆరంబాక్కంలో ఎండుచేపల వాసన మధ్య రాజదర్బారు దింపారు. శోళవరంలో చెరువు గాలికి తెర ఎగిరిపోతే పొలంలో పడి తరిమారు. ఆటలో చివర కావలసింది లారీలోకి ముందు ఎక్కాలనీ, ముందు కావలసింది చివర ఎక్కాలనీ శశి నేర్చుకున్నాడు. సింహాసనం లోపలికి, హార్మోనియం తలుపు దగ్గరికి, కిరీటాల పెట్టె క్యాబిన్‌లోకి, జనని ఒళ్లోకి.

క్యాబిన్‌లో స్టీరింగు దగ్గర శశి, కిటికీ పక్కన జనని. మధ్యలో అడ్డుగోడలాగా వాద్యార్, ఆయన మీసం.

"డ్రైవర్ సార్, ఆ ఎడమ పక్క అద్దం యాడికి తిరిగి ఉండాది?"

"వెనకాల వచ్చే బండ్లు చూసేదానికి."

"బండ్లు నా ముక్కు మీద వస్తా ఉండాయా?"

కళ్లు మూసుకుని ఉన్న వాద్యార్ మీసం కొంచెం కదిలింది. ఆయన నిజంగా నిద్రలో ఉన్నాడో లేదో శశికి ఏనాడూ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం కనకమ్మసత్రం దగ్గర వాన పట్టుకుంది. చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలాంటి వాన. వాద్యార్ టీ కొట్లోకి దూరాడు. శశీ జననీ పరుగున లారీ వెనక్కి వెళ్లి టార్పాలిన్ లాగి కట్టారు. కట్టడం అయ్యేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఇంకా అక్కడ నిలబడాల్సిన పని ఏమీ లేదు. అయినా నిలబడ్డారు.

"మా నాయనకి డ్రైవర్లంటే నమ్మకం లేదు, తెలుసా?" అంది జనని జడ పిండుకుంటూ.

"నేనేం చేసినా?"

"నువ్వేం చెయ్యలే. చక్రం మీద బతికేవోడికి ఇల్లు గుర్తుండదంట. పిల్లనిస్తే ఒగ చోట నిలబడేవోడికే ఇస్తాడంట."

"మరి నీకెట్టాంటోడు కావాల?"

"నాకా? రంగు తెర మడవనోడు."

చెప్పి నవ్వింది. ఆ నవ్వులో చాలా చోటుంది. ఒక్క మాట అనేస్తే సరిగ్గా అందులో పడేది. మాట శశి నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు కాదులే, మంచి టైము చూసి చెబుదాం అనుకున్నాడు. శశికి ఉన్న జబ్బే అది. మంచి టైమంటే స్టాపులో నిలబడితే వచ్చి ఆగే బస్సనుకునేవాడు.

ఎండాకాలం చింతలకుప్పంలో అమ్మవారి తిరనాళ్లు వచ్చాయి. పద్దెనిమిది నాళ్లూ ఆటే. షాపులో సెలవు దొరక్క జనని తిరువళ్లూరులోనే ఉండిపోయింది. ఊళ్లో దిగీ దిగగానే తపసు మాను ఎక్కాల్సిన వేషగాడు శ్రీకర్ లారీ చెక్క మీంచి జారి కాలు మెలిపెట్టుకున్నాడు. తపసు మాను అంటే నిలువునా పాతిన తాటిమాను. వీరుడి వేషం కట్టినవాడు దాని కొసకెక్కి పూలూ నిమ్మకాయలూ కిందికి విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడతారు. ఎక్కేవాడి చేతికి మొదటిరోజే పసుపుదారం కడతారు. దాన్ని కాప్పు అంటారు.

ఎవరెక్కుతారా అని ఊరి పెద్దలు తలలు పట్టుకుంటే శశి ముందుకొచ్చాడు.

"నేను కట్టుకుంటా అయ్యా. రోజూ లోడు మీదికి ఎక్కేవోడినే. పాట మీరు కింద పాడండి."

వాద్యార్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఒరే, కాప్పు కట్టినాక తిరనాళ్లు అయిందాకా పొలిమేర దాటకూడదు. ఒగ పూటే కూడు. చావు మాట, పెళ్లి మాట నీ నోట రాకూడదు. నిలబడతావా? చక్రాలోడివి గదరా."

"నిలబడతా."

ఎందుకు ఒప్పుకున్నాడో వేరే చెప్పాలా! ఒక చోట నిలబడేవాడు కావాలన్న మామగారి కళ్లముందే నిలబడి చూపిద్దామని. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే జనని కూడా మురిసిపోయింది.

"నువ్వా! కాప్పా! అయితే మా నాయన పడిపోయినట్టే. జాగ్రత్త, పైనుంచి నువ్వు పడబాక."

ఊరు శశిని నెత్తిన పెట్టుకుంది. ఎదురొస్తే ఆడవాళ్లు కాళ్లకి నీళ్లు పోశారు. ముసలివాళ్లు కూడా "సామీ" అని పక్కకి తప్పుకున్నారు. నిన్నటిదాకా "ఏయ్ డ్రైవరూ" అన్న నోళ్లే అవి. లారీ వేపచెట్టు కింద దుమ్ము కొట్టుకుపోతుంటే డ్రైవరు మాత్రం అద్దంలో మీసం చూసుకుంటూ, వేషం కట్టిన ఫొటోలు జననికి పంపుకుంటూ ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ సుఖం అతనికి బాగా ఒంటబట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం జనని ఫోన్ చేసింది. గొంతులో రోజూ ఉండే అల్లరి లేదు.

"మేనమామ ఒగ సంబంధం తెచ్చినాడు. ఆదివారం చూసేదానికి వస్తా ఉండారు. నాయన కూడా బస్సులో వస్తాడంట."

"ఆదివారమా? తిరనాళ్లు అయిందాక ఆపలేవా?"

"నేనెట్ల ఆపేది? ఏమని చెప్పి ఆపేది? నువ్వు నాకే ఇంతవరకు ఏం చెప్పలేదు గదా శశీ."

"చెప్పాల్నా? నీకు తెలీదా?"

"తెలుసు. నాకు తెలిస్తే చాలదు. మీ అమ్మని పంపించు."

"కాప్పు కట్టుకోని ఉండా జననీ. పెళ్లి మాట ఎత్తకూడదు. ఇప్పినాక నేనే వస్తా, అమ్మని తోడుకోని, దర్జాగా. అప్పుడు మీ నాయన కాదంటాడా?"

అవతల కుట్టు మిషన్ చప్పుడు మొదలైంది. "సరి" అని పెట్టేసింది.

ఫోన్ పెట్టగానే శశి వాళ్లమ్మ నంబరు తీశాడు. తీసి, చూసి, జేబులో వేసుకున్నాడు. వాళ్లమ్మకి అసలు జనని అనే పిల్ల ఉన్నట్టే తెలియదు. ఆమె ఒక్కతే వెళ్లి, ఎవరో కొత్తవాళ్లలాగా గడప దగ్గర నిలబడి అడగడం అతనికి నచ్చలేదు. తపసు మాను ఎక్కిన వీరుడు కొత్త చొక్కా వేసుకుని, తల్లి పక్కన నడుచుకుంటూ వెళ్లాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అబ్బాయి అమ్మని కూడా అడగలేదు.

ఆదివారం పొద్దున వాద్యార్ ఊరికి బయల్దేరాడు. లారీ తీసే వీల్లేదు. సంచి పట్టుకుని శశి ఆయనతో నడిచాడు. పొలిమేర రాయి దగ్గర ఇద్దరూ ఆగారు. రాయి దాటితే తారురోడ్డు, బస్సు.

వాద్యార్ సంచి తీసుకున్నాడు, కానీ కదల్లేదు. చెప్పు విదిలించాడు. మీసం సర్దుకున్నాడు.

"ఏమన్నా చెప్పాల్నా రా నాకు?"

శశి చేతికున్న పసుపుదారం వైపు చూసుకున్నాడు. పెళ్లి మాట ఎత్తితే కాప్పుకి దోషం, ఊరికి అరిష్టం అని మనసుకి చెప్పుకున్నాడు. లోపల ఇంకో మాట కూడా ఉంది. ఇంకెన్నాళ్లులే, అప్పటిదాకా ఎవరెత్తుకుపోతారు అని.

"ఏం లేదయ్యా. జాగ్రత్తగా పోయిరాండి."

వాద్యార్ "సరేలే" అని రాయి దాటి వెళ్లిపోయాడు. బస్సెక్కుతూ కూడా ఒకసారి వెనక్కి తిరిగాడు. శశి చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం శశి కిరీటం పెట్టుకున్న ఫొటో ఒకటి జననికి పంపాడు. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

మర్నాడు తెల్లారేసరికి వాద్యార్ తిరిగొచ్చాడు. శశి మొహం చూడకుండా హార్మోనియం ముందు కూర్చున్నాడు. శశికి అడగాలనిపించింది. అదీ పెళ్లి మాటే కదా అని ఊరుకున్నాడు. ఆ పగలే ఊరంతా చూస్తుండగా మాను ఎక్కాడు. కింద వాద్యార్ గొంతెత్తి పాడుతుంటే పైనుంచి పూలు విసిరాడు, నిమ్మకాయలు విసిరాడు. కొంగులు పట్టినవాళ్లు కళ్లనీళ్లతో దండాలు పెట్టారు. అంత ఎత్తు నుంచి చూస్తే తిరుత్తణి కొండ, తారురోడ్డు, దాని మీద పోతున్న బస్సు అన్నీ కనిపించాయి. శశికి మాత్రం పొలిమేర రాయి మీదే కళ్లు ఆగిపోయాయి. దిగాక ఎవరో భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. అతనికి అదేమీ సంతోషంగా లేదు.

తిరనాళ్లు అయిపోయి కాప్పు విప్పిన పొద్దున, స్నానం కూడా సరిగా చెయ్యకుండా లోడు కట్టి తిరువళ్లూరుకి తోలాడు. జట్టువాళ్లు సామాను దింపుతుండగానే వాద్యార్ ఇంటికి పరిగెత్తాడు. జనని మిషన్ దగ్గర కూర్చుని ఉంది.

"వచ్చినావా" అంది.

"ఇప్పేసినారు జననీ. ఇప్పుడే అయ్యతో మాట్లాడతా. సాయంత్రానికి అమ్మని..."

"తాంబూలాలు మార్చుకున్నారు శశీ. ఆ ఆదివారమే. కాట్టుపల్లి షిప్‌యార్డులో పనంట. ఆనంద్‌రాజ్ అని. మంచోడి మాదిరే ఉండాడు."

శశి తలుపు పట్టుకున్నాడు. "నువ్వు ఒప్పుకున్నావా?"

"వాళ్లు ముందరింట్లో ఉండంగానే నాయన్ని వంటింట్లోకి పిలిచి నీ పేరు చెప్పినా. సిగ్గిడిచి చెప్పినా. నాయన తిట్టలేదు. 'పొద్దున పొలిమేర కాడ నేనే అడిగినానమ్మా, ఏమన్నా చెప్పాల్నా అని. ఏం లేదన్నాడే' అన్నాడు. నేనేం చెప్పేది ఇంగ?"

"పెళ్లి మాట రాకూడదు గదా... కాప్పు..."

"కాప్పు నీ చేతికి కట్టినారు. మీ అమ్మ నోటికి కట్టలేదు గదా."

గుమ్మంలోకి వాద్యార్ వచ్చాడు. శశి ఆయన ముందు చేతులు కట్టుకుని, ఏడాదిగా దాచుకున్న మాటంతా ఒక్క గుక్కలో కక్కేశాడు. మీ బిడ్డంటే నాకు ప్రాణమయ్యా, నాకియ్యండయ్యా అన్నాడు. అంత బాగా మాట్లాడగలడని అతనికే తెలియదు.

వాద్యార్ అంతా విన్నాడు. అతని తల మీద చెయ్యి పెట్టాడు.

"తాంబూలం పుచ్చుకున్నాక ఆట మానింది లేదురా మా జట్టు. ఇది ఆట గూడా కాదు. నువ్వు నిలబడేవోడివే, కళ్లారా చూసినా. కదలాల్సిన నాడు కదల్లేదు, అంతే. కూడు తినేసి పో నాయనా."

జనని అటు తిరిగి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు. శశి అది చూశాడు. చూసి ఏం లాభం? తినకుండానే లారీ ఎక్కాడు.

ఇంటికి చేరేసరికి ఎండ వాలుతోంది. మునిలక్ష్మి అరుగు మీద చింతకాయలు కొడుతోంది.

"ఏందిరా, ఊరేగించినారంట గదా. మొహమెందుకు అట్లుండాది?"

శశి ఆమె పక్కన కూలబడి మొదట్నుంచీ చెప్పాడు. రంగు తెర దగ్గర్నుంచి, పొలిమేర రాయి దాకా, ఇవాళ్టి దాకా. ఆమె చేతిలో రాయి ఆగిపోయింది.

"తిరువళ్లూరే గదా?"

"ఆ."

"మీ అమ్మని పంపించు అనిందా ఆ పిల్ల?"

"ఆ."

మునిలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది. కొడుకు తలని దగ్గరికి తీసుకుంది. ఆమెకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఆ ఆదివారం నాకేం పని లేకుండెరా శశీ. పొద్దంతా ఈ అరుగు మీదనే సుమ్మా కూర్చోని ఉంటిని గదరా."