స్లాబు కింద ఆర్తి

కాశేలి దగ్గర స్కూటర్ మీద వెళ్తున్న మిలిటరీ ఇంజనీరు అంకుశాన్ని ఒక టెంపో వెనకనుంచి గుద్దేసింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఠాణేలో ఒక టైలర్ షాపు పైగదిలో కూర్చున్న గూఢచారి శాఖ చీఫ్ మాత్రం మర్డర్ అన్నాడు.

ఏజెంట్ రూపేష్ నిలబడే విన్నాడు. అది 2001. సైన్యం కట్టడాల ఖర్చు తగ్గించడానికి ఢిల్లీలో ఒక కమిటీ వేశారు. పాత బిల్డింగ్ స్టాండర్డ్స్ తిరగేసి ఎక్కడ సిమెంటు మిగులుతుందో, ఎక్కడ ఇనుము అక్కర్లేదో తేల్చడం దాని పని. సరిగ్గా అప్పుడే ఒక విదేశీ కంపెనీ ఊడిపడింది. తమ ఫార్ములాతో పోస్తే బంకర్ కప్పు సగం మందం ఉన్నా చాలంది. రెండు డెమోల్లో నెగ్గింది కూడా. కమిటీలో నమ్మనివాడు అంకుశం ఒక్కడే.

"మూడో డెమో కాశేలి గోడౌన్‌లో," అన్నాడు చీఫ్. "అది పాసైతే సరిహద్దులో ప్రతి బంకరుకూ అదే కప్పు. మొదటి షెల్ పడగానే మనవాళ్లకు అదే సమాధి."

కంపెనీ మనిషి పేరు మార్టిన్. వాడి పక్కన కాజల్ అనే అమ్మాయి ఉంటుందని చీఫ్ ఫొటో ముందుకు తోశాడు. నల్లకళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. అయినా రూపేష్ ఆనవాలు పట్టాడు. ఆమె కాజల్ కాదు, ఆర్తి.

భివండీలో వరాలా తలావ్ దగ్గర ఇద్దరూ పక్కపక్క ఇళ్లలో పెరిగారు. లగ్గం ఖాయమైంది. పత్రికలు పంచే సమయానికి ఆర్తి ఎవరికీ చెప్పకుండా దుబాయ్ విమానం ఎక్కేసింది. తల్లి లస్మవ్వ మళ్లీ ఆమె పేరెత్తలేదు. రూపేష్ కూడా ఎత్తలేదు. కాని మరొకర్ని చేసుకోలేదు.

కంపెనీ స్లాబులు పోసేది నాగావ్‌లో ఒక సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా వెనక. ఆ చప్పుడులో ఏం చేసినా బయటికి వినపడదు. రూపేష్ సాంచాలు బాగుచేసే మేస్త్రీగా లోపలికి వెళ్లాడు. అతని రెంచి పిడిలో ఇనుము పసిగట్టే డిటెక్టర్ ఉంది. పనివాళ్లు చాయ్‌కి పోగానే వెనక షెడ్డులో దూరాడు. టార్పాలిన్ కింద ఒకేలాంటి రెండు స్లాబులు. నీలం గుర్తున్న దాని మీద పెట్టగానే డిటెక్టర్ ఆగకుండా వణికింది. లోపల మందపాటి ఉక్కు పలక. రెండోది ఉత్త ఫార్ములా స్లాబు.

వీపుకు పిస్తోలు ఆనింది.

"నూలు తడిసింది," అంది ఆడగొంతు.

అది డిపార్ట్‌మెంట్ కోడ్. శత్రువుకు తెలిసే వీల్లేదు.

"ఎండ రాలేదు," అని జవాబిచ్చి వెనక్కి తిరిగాడు.

ఆర్తి పిస్తోలు దించింది. తనను దుబాయ్ పంపి ఆ కంపెనీలో చేర్పించింది చీఫేనని గబగబా చెప్పింది.

"నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి," అన్నాడు రూపేష్.

"చెప్పొద్దన్నరు. చెప్తే నువ్వు పోనియ్యకపోదువు."

ఇప్పుడు దాడి చేస్తే, పలక మనమే పెట్టామని మార్టిన్ అంటాడట. మరో కంపెనీ పేరుతో మళ్లీ వస్తాడట. కమిటీ కళ్లముందే అసలు స్లాబు కూలాలి. నీలం గుర్తు తాను ఉత్త స్లాబు మీదికి మార్చేస్తానని, డెమోకి అదే వెళ్తుందని అంది. ప్రతి డెమోలో నమ్మకం కోసం స్లాబు కింద నిలబడేది ఆమే కదా అని రూపేష్ అడిగాడు.

"పగులు రాంగనే ఉరుకుత," అంది. పిస్తోలు సర్దుకుంటూ, "అమ్మ నన్ను తిడుతదా?" అని అడిగింది.

"పేరే ఎత్తదు."

ఆర్తి తల దించుకుంది. "ఇదయినంక నన్ను నువ్వే ఇంటికి తోలుకపో."

డెమో రోజు ఎండ మండుతోంది. కమిటీ కుర్చీల్లో కూర్చుంది. రూపేష్ హమాలీల్లో కలిసి నిలబడ్డాడు. ఎర్రచీరలో ఆర్తి నవ్వుతూ స్లాబు కిందికి నడిచింది. క్రేన్ ఆ స్లాబు పైన ఇసుకబస్తాలు పేరుస్తోంది. మార్టిన్ చేతిలో వాకీటాకీ. వాడు ఆపమంటే క్రేన్ ఆగుతుంది.

సగం బరువుకే కప్పు అడుగున సన్నటి పగులు పాకింది. ఆర్తి జుట్టు మీద సిమెంటు పొడి రాలింది. అది మార్టిన్ కూర్చున్న చోటికి కనపడదు. ఆమె ఉరికితే వాడు క్రేన్ ఆపిస్తాడు, శాంపిల్ రవాణాలో దెబ్బతిందని మరో తేదీ అడుగుతాడు. ఈసారి పలక ఉన్నదే తెస్తాడు.

ఆర్తి పగులు చూసింది. తర్వాత రూపేష్‌ని చూసింది. రావద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. జుట్టు మీది పొడి దులుపుకుని కమిటీ వైపు తిరిగి నవ్వింది. రూపేష్ ఉరికాడు. అప్పటికే క్రేన్ తర్వాతి బస్తాలు కప్పు మీదికి దించింది. స్లాబు కూలింది.

మార్టిన్ గేటు దగ్గర దొరికాడు. నాగావ్ షెడ్డులో పలక స్లాబు దొరికింది. ఫార్ములాను కమిటీ అక్కడికక్కడే కొట్టిపారేసింది. బంకర్ కప్పుల పాత మందం అట్లాగే నిలిచింది. పేపర్లలో మాత్రం, విదేశీ కంపెనీ ఉద్యోగిని మృతి అని ఫొటోతో వచ్చింది. ముఠా వేళ్లు ఇంకా మిగిలున్నాయి కాబట్టి ఆమె మన ఏజెంటని బయటికి రాకూడదన్నాడు చీఫ్.

ఆ పేపరు వచ్చిన సాయంత్రం రూపేష్ లస్మవ్వ ఇంటికి వెళ్లాడు. ఆమె ఫొటో ఉన్న పేపరు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ఏడవలేదు.

"ఆ దొంగముండకొడుకుల పని చేసుకుంటనే సచ్చిందా?" అని అడిగింది.

రూపేష్‌కి చీఫ్ ఆర్డరు గుర్తుంది.

"లేదత్తమ్మా. మన పని చేసుకుంటనే."

లస్మవ్వ ఆర్తీ అని ఒకసారి పిలిచింది. తర్వాత అతని చేయి పట్టుకుని ఏడ్చింది.

రహస్యం చెప్పానని రూపేష్ తన రిపోర్టులో తనే రాశాడు. డిపార్ట్‌మెంట్ అతని ఇంక్రిమెంట్ ఆపేసింది. సైన్యం కట్టడాల పేరిట ఆ ఏడాది ప్రభుత్వానికి మిగిలిన ఖర్చు అదొక్కటే.