గడియ తీసిన గొంతు

2112 నాటికి పురాతత్త్వవేత్తలు పార పట్టడం దాదాపు మానేశారు. గోడలు వింటున్నారు. తడి సున్నం గట్టిపడేటప్పుడు చుట్టుపక్కల మాటల ప్రకంపనలు దాని స్ఫటికాల్లో చిక్కుకుపోతాయి. లేజర్‌తో వాటిని తడిమి, నేటి భాషలో పలికే యంత్రం సున్నశ్రవణి. దాన్ని కనిపెట్టిన హైమవతికి, ఇంగ్లండులోని హార్న్‌వెల్ కోటకు వచ్చిన నాటినుంచీ మనసు మనసులో లేదు.

కారణం రోలండ్ పైక్. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ముట్టడిలో శత్రువులకు తలుపు తీసింది అతని పూర్వీకుడు, కాపలాదారు వాల్టర్ పైక్ అని ఊరి నమ్మకం. ఏటా కోట పడిపోయిన రోజున జనం వాల్టర్ గడ్డిబొమ్మను కుళ్ళిన టర్నిప్ దుంపలతో కొడతారు. ఆ ఊపులోనే పైక్‌ల ఇంటిమీదా నాలుగు విసురుతారు. సరదాకే అంటారు. పోయినేడు ఆ సరదాలో రోలండ్ మనవరాలికి కన్ను పోయినంత పనైంది.

"ఈసారి వాళ్ళ నోళ్ళు మూయించమ్మా," అన్నాడు రోలండ్. "నేను పోయేలోపు ఆ పిల్ల తలెత్తుకు తిరగడం చూడాలి."

ముట్టడి సమయంలో తలుపు పక్క గోడ కూలితే హడావిడిగా మళ్ళీ కట్టారు. ఆ అతుకు సున్నాన్నే హైమవతి వింటోంది. ఉత్సవం రోజు పొద్దున్నే యంత్రం పలికింది. వాల్టర్ వద్దు వద్దంటూ బతిమాలుతున్నాడు. ఒక ఆడగొంతు ఏడుస్తూ, "పిల్లలు ఆకలికి చస్తున్నారు, తప్పుకో వాల్టర్!" అంది. ఆపైన గడియ చప్పుడు.

"సరిగ్గానే విన్నావా?" అని హైమవతి యంత్రాన్ని అడిగింది.

"విన్నానండి. వాల్టర్ ఆమెను పేరు పెట్టి కూడా పిలిచాడు."

ఆ పేరు ఎవరడుగుతారులే, విన్నవాళ్ళు జాలిపడతారు అనుకుంది హైమవతి, వెర్రితల్లి.

కోట ముంగిట ఆ మాటలు వినిపించగానే జనం మాన్పడిపోయారు. రోలండ్ మనవరాలిని పట్టుకుని భోరుమన్నాడు. హైమవతికీ కళ్ళు తడిశాయి. కానీ ఎవరూ కదలడం లేదు. అందరి చేతుల్లో దుంపలు అలాగే ఉన్నాయి.

రోలండ్ కళ్ళు తుడుచుకుని యంత్రం దగ్గరికి వచ్చాడు. "ఇంతకీ ఆ ఆడమనిషి ఎవరు?"

"వద్దండీ, ఆవిడ పిల్లల కోసమే కదా..." హైమవతి మాట పూర్తికాలేదు.

"వంటమనిషి ఆగ్నెస్ డన్," అంది యంత్రం.

తలలన్నీ ఒక్కసారిగా బేకరీ నడిపే మాడ్ డన్ వైపు తిరిగాయి. ఆమె కొడుకును దగ్గరికి లాక్కుంది.

"బొమ్మకు గౌను తొడగండి," అన్నాడు రోలండ్, బుట్టలోంచి దుంప తీసుకుంటూ.