అడుగు చూసింది, మెడ చూడలేదు

దగ్గరికి జరగండర్రా, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. మొంటానా కొండల్లో పైన్ చెట్లకి కూడా చెవులుండే రోజులవి.

ఏజెంట్ మెరిట్ ఓక్స్‌ని పైఅధికారి ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు.

"ప్రొఫెసర్ వ్రాబెల్ అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చాడు. రాకెట్ లెక్కలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. రేపు హెలికాప్టర్ వచ్చేదాకా ర్యాంచ్‌లో ఆయన్ని ప్రాణాలతో ఉంచు."

"ఎవరి నుంచి సర్?"

"అది తెలిస్తే నువ్వెందుకోయ్! మనవాళ్ళలోనే ఎవరో అమ్ముడుపోయారు. అందుకే రైఫిల్ తూటాలన్నీ గేటు దగ్గరే లాగేసుకుంటున్నారు. లోపల నీ ఒక్కడికే రైఫిల్."

అంతకుముందు మెరిట్ కాపలాకి అప్పగించిన ఇద్దరూ కళ్ళముందే పోయారు. ఈ మూడో ప్రాణం కూడా పోతే ఇక అద్దంలో తన మొహం తనే చూసుకోలేడు.

తీరా వెళ్తే గేటు కాపలావాడు మెరిట్ తూటాల్ని కూడా వాగులోకి గిరాటేశాడు. ఆర్డరంటే ఆర్డరేనట! మెరిట్ రైఫిల్ తండ్రి నాటి పాతిక బోరుది, ముప్ఫై కంటే గొట్టం సన్నం. దాని తూటా అప్పట్లో ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. ముప్ఫై బోరు ఖాళీ తొడుగులకే గుండు పట్టే మెడ సన్నం చేసుకుని ఎవరికి వాళ్ళు తయారు చేసుకోవాల్సిందే.

క్యాబిన్‌లో ఒకావిడ కూర్చుని ఉంది. చేపలు పట్టేవాళ్ళ టోపీ, ఎర్రటి పెదాలు, ఒళ్ళో గేలం కర్రల గొట్టం.

"హకిల్‌బెర్రీలు పండాయా?" అంది.

"ఈ ఏడు ఎలుగులే ముందు తినేశాయి."

"సంకేతం సరిపోయింది. నేను డెల్ఫీన్. నీకు తోడుగా పంపారు."

మెరిట్ మూల బల్ల మీది తూటాలు చేసే ప్రెస్సు ముందు కూర్చున్నాడు. ర్యాంచ్ వాళ్ళ డబ్బాలోంచి ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరాడు. ఒక్కోదానికీ జిడ్డు రాసి అచ్చులోకి నొక్కుతుంటే మెడ సన్నబడి బయటికొస్తోంది. తర్వాత మందు, పైన సన్నటి గుండు. మెడ మారినా అడుగున కొట్టిన ముప్ఫై ముద్ర మారదు కదా, అందుకని అక్కడివాళ్ళు అడుగున రంగు చుక్క పెడతారు.

"డెల్ఫీన్, నీ గోళ్ళరంగు ఓసారి ఇస్తావా? తూటాలకి పెట్టాలి."

ఆవిడ పకపకా నవ్వింది. "తూటాలని పెళ్ళికూతుళ్ళని చేస్తున్నావా ఏం? ఇది పారిస్ నుంచి తెప్పించుకున్నాను బాబూ, ఇవ్వను!"

అడిగినందుకు సిగ్గుపడి, చుక్క పెట్టకుండానే తూటాలు పక్కన పేర్చాడు. ఆవిడ కాఫీ అందించింది. ఆవిడ ఉంగరంలో చిన్న మూత ఉందని అతనికేం తెలుసు? రెండు గుక్కలకే కాళ్ళు చచ్చుబడిపోయాయి.

డెల్ఫీన్ అతన్ని గేలపు తాడుతో ఇనప పొయ్యి కాలికి కట్టేసింది. గొట్టం విప్పితే గేలం కర్రలు కావు, ముక్కలుగా విడదీసిన రైఫిల్! ముప్ఫై బోరు.

"నేను తేలేని తూటాలు నువ్వే చేసిపెట్టావు. థాంక్స్ మెరిట్!"

"వద్దు... అవి నీ దాంట్లో పెట్టకు..." మత్తులో నోరు జారింది. "నీది ముప్ఫై... అవి పాతికవి..."

తప్పు తూటా ఎవరి తుపాకీలోకి పోతున్నా చెప్పి తీరాలని వాళ్ళ నాన్న తొడపాశం పెట్టి మరీ నేర్పాడు. శత్రువుకే చెప్పేశాడు! నాలుక కొరుక్కున్నాడు, ఏం లాభం?

డెల్ఫీన్ ఆగింది. తూటా తిరగేసి అడుగు చూసింది. ముప్ఫై అని గుద్దినట్టు అచ్చుంది.

"పాపం, అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు," అని తలుపు వేసి కొండెక్కింది.

తెల్లారేసరికి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. ప్రొఫెసర్ ర్యాంచ్ పెద్దింట్లోంచి బయటికి వచ్చే వేళ. మెరిట్ గింజుకున్నాడు. తాడు కండలోకి దిగింది.

ధన్!

"అయ్యో, మూడోవాడు కూడా..." అని బావురుమన్నాడు.

ధన్! మళ్ళీనా? చచ్చినవాణ్ణి రెండోసారి ఎందుకు కాలుస్తారు? ఉన్న శక్తంతా కూడదీసుకుని లాగాడు. పొయ్యి కూలింది, పొగగొట్టం నెత్తిన పడింది. ఒళ్ళంతా మసితో బయటికి పాకాడు.

పచ్చిక మధ్యలో ప్రొఫెసర్ నిక్షేపంగా నిలబడి ఉన్నాడు! తనకి చాలా ఇవతల ఎగిరిన దుమ్మును వింతగా చూస్తున్నాడు. మూడో గుండు పేలి అదీ పక్కకి పోయేలోపల కాపలావాళ్ళు ఆయన్ని ఎత్తి హెలికాప్టర్‌లోకి విసిరారు. అది లేచిపోయింది.

కొండ దిగి పారిపోతున్న డెల్ఫీన్‌ని పట్టుకుని మెరిట్ ముందుకి తెచ్చారు.

"ఏం చేశావ్? మందు తక్కువ పోశావా?" అంది పళ్ళు నూరుతూ.

"లేదు. సన్న గుండు, వెడల్పు గొట్టం. డోలులో శనగగింజలా దొర్లుకుంటూ పోయింది. చెప్పాను కదా, వింటేగా!" మసి మొహంతోనే ఆవిడ ఎర్రటి గోళ్ళకేసి చూశాడు. "ఒక్క చుక్క ఇచ్చి ఉంటే, ముప్ఫై ముద్ర మీద ఈ రంగు ఎందుకని అడిగేదానివి. ఇవి పాతికవని నేను అప్పుడే చెప్పేవాణ్ణి."

గుర్తుంచుకోండర్రా, రేపు మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఏది మరిచిపోయినా ఆ గోళ్ళరంగు మాట మాత్రం వదిలెయ్యకండి.