రెండో అర్థానికి ఒక్క వాక్యం

డిపార్ట్‌మెంటులో జపనీస్ తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగిని సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి లిఫ్టులో కాల్చి చంపారు. పదిన్నరకి డైరెక్టరు జలగని పిలిచి, ఎనిమిది వారాల్లో ఆ భాష నేర్చుకోమన్నాడు.

జలగ అసలు పేరు ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. ఎవరి వెంటైనా పడితే వదలడని ఆఫీసులో అలా పిలిచేవారు. వయసు యాభై రెండు.

"ఈ వయసులో నాకేం వంటపడుతుంది సార్?"

"పోయినవాడు నీకంటే రెండేళ్లు పెద్ద."

ఊళ్లో ఒక విదేశీ ముఠా దిగింది. అందులో జపానువాడు ఒక్కడూ లేడు. చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదని ఫోన్లో ఆ భాషే మాట్లాడుకుంటున్నారు. వాళ్లకి నేర్పిందీ, వాళ్ల కాగితాలు దిద్దేదీ ఒక టీచరు. ఆవిడ డిపార్ట్‌మెంటుకీ కబుర్లు చేరవేస్తోంది. రెండు పడవల మీద కాళ్లు; ఏ కాలు ఎందులో ఉందో ఆవిడకైనా తెలుసో లేదో అన్నాడు డైరెక్టరు.

మారువేషం కింద జలగ తలకి రంగు మానేశాడు. రిటైరైన గడియారాల సేల్స్‌మన్ అయ్యాడు; అసలు సంగతి టీచరు ఒక్కావిడకే తెలుసు. టెక్నికల్ సెక్షన్‌వాళ్లు కెమెరా ఉన్న పెన్ను ఇచ్చారు. అది ఫొటోలు తీసేది, రాసేది కాదు. క్లాసులో పక్కవాళ్లని పెన్సిలు అడుక్కోవలసి వచ్చేది.

క్లాసు ఒక టైలరు షాపు మేడ మీద, పదకొండు కుర్చీల గది. టీచరు ఎర్ర కోటు వేసుకుని మెట్లెక్కుతుంటే కింద కత్తెర ఆగేది. మూడో వారం ఆవిడ 'మియొకురు' అనే క్రియ ఇచ్చి పది వాక్యాలు రాసుకు రమ్మంది. దిద్దిన నోట్‌బుక్కులో ఏడు టిక్కులు, మూడు సున్నాలు. జలగ మీసం దువ్వుకున్నాడు.

"మురిసిపోకండి," అంది టీచరు. "టిక్కు పెడితే తప్పు. సున్నా పెడితే రైటు. జపాను బళ్లలో అంతే, ఇరవై ఏళ్లు అలాగే దిద్దాను."

"సున్నాలు చిన్నప్పుడు చదవకుండానే వచ్చేవి టీచరు గారూ."

ఆవిడ నవ్వి క్రియ వివరించింది. మనిషిని సాగనంపడం మొదటి అర్థం. కనుమరుగయ్యేదాకా నిలబడాలి, ముందే తల తిప్పుకుంటే ఆ మాట చెల్లదు. రెండోది, ఎక్కగలిగిన బస్సును ఎక్కకుండా పోనివ్వడం, చేతికందిన పనిని ఇప్పటికి వద్దనుకోవడం. జలగ వాక్యాలన్నీ రైల్వే ప్లాట్‌ఫారాల మీదే ఉన్నాయి.

"రెండో అర్థానికి ఒక్క వాక్యమైనా రాయలేదేం?"

"అలా పోనిచ్చినవి నా దగ్గర లేవండి."

"అయితే ఆ మాట మీకింకా రాలేదన్నమాట."

ఎనిమిదో వారం, గురువారం ఉదయం క్లాసులో నోట్‌బుక్కు తిరిగి వచ్చినప్పుడు మధ్యలో పల్చటి టైపు కాగితం ఉంది. ముఠా దెబ్బ కొట్టదలచిన చోట్ల కాగితం. రైలు వంతెన, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, మంచినీళ్ల పంపింగ్ స్టేషన్. కింద ఆ రోజు తేదీ, పదకొండూ నలభై. మొదటి రెండిటి పక్కన టీచరు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కులు. మూడోదాని చుట్టూ సున్నా.

డైరెక్టరు ఒక దళాన్ని వంతెనకీ, ఒకదాన్ని ఎక్స్ఛేంజికీ పంపేశాడు. సున్నా చుట్టింది రద్దయిందని ఆయన లెక్క. జలగ టిక్కు సంగతి చెప్పాడు. ఇరవై ఏళ్లు అక్కడి నోట్‌బుక్కులు దిద్దిన చెయ్యి కంగారులో మన పద్ధతి పాటించదన్నాడు. స్టేషన్ మూయించమన్నాడు.

"ఒక సున్నాని నమ్ముకుని ఊరంతటికీ నీళ్లు ఆపమంటావా?"

"పోనీ ఆవిణ్ణైనా ముందు తప్పిద్దాం సార్. కాగితం ఎవరి చేతి మీదుగా బయటికొచ్చిందో మధ్యాహ్నానికల్లా వాళ్లకి తెలిసిపోతుంది."

"తప్పిస్తే ఇప్పుడే తెలుస్తుంది. వెళ్లాలనుంటే స్టేషన్‌కి నువ్వొక్కడివే వెళ్లు."

జలగ కారు తీశాడు. పదకొండూ పదహారుకి టైలరు షాపు వీధిలోకి వచ్చాడు. టీచరు బస్ స్టాపులో నిలబడి ఉంది, చేతిలో చిన్న సూట్‌కేసు. పది అడుగుల వెనక ఒక మనిషి పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడం లేదు. పక్కన టెలిఫోన్ బూత్. కారు ఆగితే ఆవిడ ఎక్కుతుంది. ఎక్కితే ఆ మనిషి బూత్‌లోకి వెళ్తాడు. అప్పుడిక స్టేషన్లో ఉన్నవాడు పదకొండూ నలభై దాకా ఆగడు.

జలగ కాలు బ్రేకు మీదికి వెళ్లింది. టీచరు కారుని చూసింది, స్టీరింగు వెనక ఎవరో చూసింది. ఫుట్‌పాత్ అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

కారు ఆగలేదు. మలుపు తిరిగేదాకా అద్దంలో ఎర్ర కోటు ఇటే చూస్తూ నిలబడి ఉంది.

పంపింగ్ స్టేషన్లో ఒక్క ఆపరేటరు ఉన్నాడు. పొద్దున్నుంచీ ఎవరో ఇన్‌స్పెక్టరు ట్యాంకు మీద ఉన్నాడని చెప్పాడు.

"ఐడీ కార్డు చూశావా?"

"చూశాను సార్. నా కార్డు కంటే బాగుంది."

ఇద్దరూ ఇనుప నిచ్చెన ఎక్కారు. పదకొండూ ముప్పై తొమ్మిది. ట్యాంకు మూత తీసి ఉంది. నీలం ఓవరాల్ వేసుకున్నవాడు ఒక డబ్బా విప్పి నీళ్ల మీదికి వంచుతున్నాడు. జలగ దగ్గర పిస్టల్ ఉంది. కాలిస్తే డబ్బా పడేది నీళ్లలోనే.

"మియొకురు," అన్నాడు జలగ. "క్యో వ మియొకురు." ఇవాళ్టికి వద్దు.

ఆ మనిషి లెక్కలో ఆ భాష మాట్లాడేవాళ్లంతా తనవాళ్లే. డబ్బా నిటారుగా పట్టుకుని, ఎదురుగా ఉన్న తెల్లజుట్టు పెద్దాయన నోటి నుంచి వచ్చే తరవాతి మాట కోసం చూశాడు. తరవాతి మాట జలగకి రాదు. డబ్బాని జలగ అందుకున్నాడు, మనిషిని ఆపరేటరు రెంచి అందుకుంది.

పరీక్షలయ్యేదాకా రెండు గంటలు నీళ్లు ఆపారు. పన్నెండున్నరకి జలగ బస్ స్టాపుకి తిరిగి వచ్చాడు. సూట్‌కేసు బెంచీ మీద ఉంది. బూత్ తలుపు తెరిచి ఉంది. టైలరు ఏమీ చూడలేదన్నాడు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తల ఎత్తకుండానే అన్నాడు.

పదకొండు రోజులు వెతికారు. పన్నెండో రోజు డైరెక్టరు ఆవిడ ఫైలు మూసేసి, జలగతో జపనీస్ ఇంకాస్త గట్టిపడాలన్నాడు.

"నేర్పేవాళ్లెవరు సార్?"

డైరెక్టరు పంపింగ్ స్టేషన్ నుంచి వచ్చిన కాగితాల కట్ట ముందుకి తోశాడు. ఆ రోజు రెండు గంటలు నీళ్లు రానందుకు ఊళ్లోవాళ్లు నలభై మూడు ఫిర్యాదులు రాశారు. అన్నిటికంటే పైన ఉన్నది డైరెక్టరు గారి భార్యది.