నయాగరా ముందు నల్లచుక్క

“చూడండి అచ్యుతరావుగారూ,” అంటూ డిప్యూటీ సూపరింటెండెంట్ సూర్యప్రకాశరావు స్టీరియోస్కోప్ ముందుకు తోశారు.

ఏలూరు ట్రావెలర్స్ బంగళా. 1939 నవంబరు. యుద్ధం మొదలై రెండు నెలలు.

సీక్రెట్ సర్వీసు ఏజెంటు అచ్యుతరావు ఆ అద్దాలకి కళ్లు ఆనించాడు. అట్ట మీద పక్కపక్కనే అంటించిన రెండు పాత ఫొటోలు ఒకటైపోయి, అమెరికాలోని నయాగరా జలపాతం ఎదురుగా లేచి నిలబడింది. నీళ్ల ముందు, గాలిలో, ఒక నల్లచుక్క వేలాడుతోంది.

విడిగా చూస్తే అది ఉత్త మరకేనని, శత్రువుల ముఠా అలాంటి చుక్కలతోనే ఆర్డర్లు పంపుతోందని సూర్యప్రకాశరావు చెప్పారు. ఈ కార్డునీ, ఒక కోడ్‌వర్డునీ ఎవరో పేరు రాయకుండా మద్రాసు ఆఫీసుకి పోస్టు చేశారట. ‘అమెరికా వింతలు’ అని ఊరూరా ప్రదర్శనలిచ్చే ఒకావిడ ద్వారా ఈ కార్డులు చేతులు మారుతున్నాయి. పేరు సత్యవేణి.

ఆమె దగ్గరికి వెళ్లి ముఠా గుట్టు లాగే పని ఇంకెవరికైనా ఇమ్మన్నాడు అచ్యుతరావు. సత్యవేణి అతని భార్య.

“తెలుసండీ. ఆవిడ దృష్టిలో మీరు అయిదేళ్ల కిందటే రంగూన్‌లో పోయారు. అంతకంటే మంచి మారువేషం ఏముంటుంది?”

ఆ చావు కబురు పంపింది డిపార్ట్‌మెంటే. మిషన్ కోసమని ఒప్పుకుని సంతకం పెట్టింది అచ్యుతరావే. ఏడాదిలో తిరిగొచ్చి అంతా చెప్పుకోవచ్చనుకున్నాడు. ఒక మిషన్ మీద ఇంకో మిషన్ వచ్చిపడింది.

మర్నాడు మధ్యాహ్నం గడ్డం, ఎర్ర తుర్కీ టోపీతో, అత్తరు వర్తకుడు మదార్‌గా తాడేపల్లిగూడెంలోని ప్రదర్శన హాల్లో అడుగుపెట్టాడు. గ్రామఫోను మోగుతోంది. నెమలికంఠం రంగు పట్టుచీరలో సత్యవేణి న్యూయార్కు మేడల గురించి చెబుతుంటే జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. స్టీరియోస్కోప్‌లో చూసే తన వంతు రాగానే అతను గొంతు సవరించుకుని కోడ్‌వర్డు పలికాడు.

“కొలరాడో లోయలో వాన పడిందాండీ?”

“వాన కాదండీ, మంచు,” అంటూ ఆమె కార్డు మార్చింది.

మిసిసిపీ నది మీది వంతెన. మూడో స్తంభం ముందు నాలుగు చుక్కలు తేలుతున్నాయి.

కార్డు సర్దుతున్నట్టు ఆమె వంగింది. “అబద్ధమాడే ముందు గొంతు సవరించుకోవడం ఇంకా మానలేదన్నమాట,” అంది మెల్లగా.

ఆమె గబగబా చెప్పాల్సింది చెప్పేసింది. కొల్లేట్లో పక్షుల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పుకునే విదేశీ ప్రొఫెసరే ముఠా నాయకుడు. ఉద్యోగమని అతని దగ్గర చేరాక చుక్కల సంగతి పసిగట్టి, నయాగరా కార్డు పోస్టు చేసింది ఆమే. మద్రాసు నుంచి ఎవరో ఒకరు వస్తారని ఆ ముఠాలోనే ఉండిపోయింది. ఈ కార్డు చెప్పేది బాంబు సంగతి: ఏలూరు వైపు కాలువ మీది రైలు వంతెన, మూడో స్తంభం, సాయంత్రం నాలుగు గంటలు. సైనికులతో మెయిలు వచ్చే వేళ.

అప్పటికి మూడుంబావు. స్టేషన్ నుంచి సూర్యప్రకాశరావుకి ఫోన్ చేసి, అచ్యుతరావు కారులో దూసుకుపోయాడు. వంతెన చేరేసరికి దూరంగా ఇంజను పొగ. ఎర్ర టోపీ ఊపుతూ పట్టాల వెంట పరుగెత్తాడు. రైలు నలభై గజాల అవతల కీచుమంటూ ఆగింది. మూడో స్తంభం కింద మొలలోతు నీళ్లలో, బాంబుకి కట్టిన గడియారం ముల్లు పన్నెండుని తాకబోతుండగా, అతని కటింగ్ ప్లయర్ తీగని తెంచింది.

ఆ రైల్లోనే తాడేపల్లిగూడెం వచ్చాడు. కొల్లేట్లో కిక్కిస తుప్పల మధ్య ప్రొఫెసర్ పడవని పోలీసులు చుట్టుముట్టి, అతణ్ని పట్టుకున్నారని స్టేషన్ మాస్టరు కబురందించాడు. ప్లాట్‌ఫారం మీద సత్యవేణి పెట్టెతో నిలబడి ఉంది. రైలెక్కబోతోంది.

“ఇంటికి వెళదాం, సత్యా,” అన్నాడు.

ఆమె అతని తడిబట్టల కేసి చూసింది.

“మీ కబురు వచ్చాక ఏడాదిపాటు మీ అమ్మగారూ నేనూ ఒకే గదిలో కూర్చుని ఏడ్చామండీ. అందరూ అనుకున్నట్టు ఆవిడ జ్వరంతో పోలేదు. మీ దిగులుతో పోయారు. ఆ ఏడుపు నిజమండీ. ఇప్పుడు మీతో వస్తే అదంతా అబద్ధమైపోతుంది. ఆవిడకి నేనేం చెప్పుకోను?”

అతను చెయ్యి చాచి, పెట్టె అందుకుని రైల్లోకి ఎక్కించాడు. చెయ్యగలిగింది అంతే మిగిలింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

పక్క కిటికీలోంచి ఒక పెద్దమనిషి తల బయటపెట్టి, జేబుగడియారం చూపిస్తూ విసుక్కున్నాడు. దారిలో ఎక్కడో ఊరికే ఆపేశారట. ఈ రైల్వేవాళ్లకి ఒకళ్ల టైమంటే లక్ష్యం లేదట.

“అవునండీ,” అన్నాడు అచ్యుతరావు. “బాగా ఆలస్యమైపోయింది.”