రెండు సూదుల దొంగతనం

2021 నవంబర్ 23. ఉదయం 10.20. కోరుట్ల పోలీస్ స్టేషన్.

"ఏం పోయింది?" అడిగింది ఎస్సై వసంత.

"సూదులు," అంది ముత్తవ్వ.

పక్కనున్న రైటర్ కిసుక్కున నవ్వాడు. వసంత ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

"మా ఆయన కరోన సూదులు రెండూ ఏసుకున్నడు మేడం. కంప్యూటర్ల లేవంటున్నరు. ఎవలో ఎత్కపోయిండ్రు."

ముత్తవ్వ భర్త రాజేశం గీత కార్మికుడు. దుబాయిలో పని పోయి, లాక్‌డౌన్‌లో రాయికల్ దగ్గరి సొంతూరికి వచ్చి మళ్లీ తాటిచెట్లెక్కే మోకు పట్టాడు. నిన్న సాయంత్రం చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. ఈ రోజు సాయంత్రం నాలుగింటిలోపు ఆపరేషన్ చేస్తేనే కాళ్లు వస్తాయన్నాడు డాక్టర్. అడిగిన డబ్బు ముత్తవ్వ ఊరంతా తిరిగి తెచ్చింది. ఆసుపత్రి వాళ్లు ఇంకో డెబ్బై రెండు వేలు తెమ్మన్నారు. టీకా వేయించుకోని వాళ్లకు ఛార్జీ నలభై శాతం ఎక్కువట.

విరిగిన నడుముకూ కరోనా టీకాకూ ఏం సంబంధం? వసంతకు ఒళ్లు మండింది. టోపీ పెట్టుకుని లేచింది.

10.50. ఆసుపత్రిలో మేనేజర్ గోవర్ధన్ గోడ మీది బోర్డు చూపించాడు.

"రూల్ మేడం. టీకా ఏసుకోనోళ్లతోని మా స్టాఫ్‌కు రిస్కు."

"కరోన టెస్ట్ చేసిండ్రా?"

"చేసినం. నెగెటివ్."

"మరి రిస్కేంది?"

గోవర్ధన్ మళ్లీ బోర్డు వైపే చూశాడు.

సోఫాలో కూర్చున్న సాయికిరణ్ కల్పించుకున్నాడు. రాజేశం ఊరి భాస్కర్ రావు దొర కొడుకు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంట్. నిన్న రాజేశాన్ని తన కారులోనే తెచ్చాడు.

"రూల్ కరెక్టే మేడం. సర్కారు ఫ్రీగ ఇస్తే ఏసుకోనోడు ఎక్కువ కట్టాలె. నేను ఏసుకోలేదా?" ఫోన్ తీసి తన సర్టిఫికెట్ చూపించాడు. "వచ్చే వారం దుబాయి పోతున్న."

వసంత చూసింది. రెండో డోసు అక్టోబర్ 4. ఊరి బడిలో క్యాంపు.

లోపల రాజేశం కదలకుండా పడుకుని ఉన్నాడు.

"సూది ఏసుకున్నవా?"

"లేదు మేడం." కళ్లు మూసుకున్నాడు.

"గదేంది?" ముత్తవ్వ అరిచింది. "రెండు సూదులకు రెండు మాట్ల జరమొచ్చి పండలేదా?"

ఏ తారీఖులో ఆమెకు గుర్తులేదు.

11.40. రాజేశం తోటి గీత కార్మికుడికి వసంత ఫోన్ చేసింది.

"రాజేశం చెట్లు ఎక్కని రోజులున్నయా?"

"ఉన్నయి మేడం. పొద్దుమాపు గీయకపోతే కల్లు ఎండిపోతది. గందుకే నన్ను ఎక్కుమన్నడు. మొన్న పెత్రమాస, గదే పెద్దల అమాస నాడు, దాని ముందటి రోజు మంగళారం నేనే గీసిన."

"సోమవారం?"

"పొద్దుగాల ఆయనే ఎక్కిండు. మాపటికి జరమన్నడు."

వసంత క్యాలెండర్ తిప్పింది. ఆ సోమవారం అక్టోబర్ 4.

1.15. రాయికల్‌లో టీకాలు వేసే ఏఎన్ఎం నర్సక్క ఆ రోజు క్యాంపు లిస్టు తీసింది. అరవై ఒక్క పేర్లు. రాజేశం పేరు లేదు. సాయికిరణ్ పేరుంది. వసంత ఆ పేరు మీద వేలు పెట్టి ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు విని నర్సక్కను జీపెక్కించుకుంది.

3.05. మేనేజర్ గది. గోవర్ధన్, సాయికిరణ్, ముత్తవ్వ, నర్సక్క.

"సాయికిరణ్, అంగి చేతులు మీదికి మలువు."

"ఎందుకు మేడం?"

"మలువు!"

పైకి మడిచాడు. నున్నటి చేతులు.

"నర్సక్కా, గీ పేరు మీద సూది ఏసుకున్నది ఈయనేనా?"

"ముఖానికి మాస్కున్నది మేడం. నేను గా ఊరికి కొత్త. ఆధార్ జిరాక్స్ ఇచ్చిండు, రాసుకున్న. కని గాయన చేతులు గిట్ల లేవు. ముంజేతుల లోపట నల్లగ కాయలు కాసినయి."

ముత్తవ్వ గోడకు ఆనుకుంది. ఆ కాయలు ఎవరివో ఆమెకు ఒకరు చెప్పాలా?

"చెట్టును కావలించుకొని ఎక్కేటోళ్లకే ఆడ కాయలు కాస్తయి," అంది వసంత. "సూదంటే నీకు భయం. సర్టిఫికెట్ లేకుంటే దుబాయి పోలేవు. వీసా ఇస్తనని ఆశపెట్టి రాజేశాన్ని పంపినవు. మల్ల తన పేరు మీద ఏసుకుంటే నాలుగు సూదులైతయని ఆయన భయపడ్డడు. ఒంట్లె సూదులున్నోడు ఎక్కువ కట్టాల్నా? ఒక్క సూది లేని నువ్వు సోఫాల కూసొని నీతులు చెప్తవా?"

సాయికిరణ్ ముఖం మాడిపోయింది.

"కంప్యూటర్ల పేరు లేదు గద మేడం," గొణిగాడు గోవర్ధన్. "రూల్ ప్రకారం..."

వసంత బల్ల మీద చరిచింది. "నీ రూల్ పాడుగాను! ఉన్నోడు కాగితం కొనుక్కుంటడు, లేనోడు జుర్మానా కట్టాలె. గిదేనా నీ రూల్? గా మనిషి కాళ్లు పోతే ఎఫ్ఐఆర్‌ల మొదటి పేరు నీదే. టైం చూడు."

3.20. గోవర్ధన్ ఇంటర్‌కమ్ ఎత్తాడు. థియేటర్ సిద్ధం చేయమన్నాడు.

3.35. స్ట్రెచర్ మీద రాజేశం వసంత చేయి పట్టుకున్నాడు. జరిగింది అప్పటికే అతని చెవిన పడింది.

"సాయికిరణ్ దొర పేరు ఎందుకు తీసిండ్రు మేడం? నా వీసా ఆయన చేతుల ఉన్నది."

"నడుము ఇరిగినోనికి వీసా ఎందుకయ్యా!" ముత్తవ్వ నెత్తి కొట్టుకుంది.

"కాళ్లొస్తే పోవద్దా?" రాజేశం కసిరాడు. "మల్ల చెట్టే ఎక్కుమంటవా?"

ముత్తవ్వ అతని కాళ్ల మీది దుప్పటి సర్దింది. స్ట్రెచర్ లోపలికి వెళ్లింది.