ఉయ్యాల శాసనం

"ఊరికి దూరమమ్మా పెట్లుప్పు కొట్టు,
ఏటికి దగ్గరమ్మా పెట్లుప్పు కొట్టు,
తాటాకు కప్పమ్మా, బారెడు గోడమ్మా..."

అంతవరకు వచ్చి పాట ఆగిపోవుచుండెను. ఆ పైచరణమేమో బయ్యక్కకు ఎన్నడూ గుర్తుకు రాలేదు. పెట్లుప్పు తీయుటకు తెల్లమట్టి గోకుచు తల్లి పాడుచుండగా విన్న పాట అది. తల్లి పోయిననాటికి బయ్యక్కకు ఏడేండ్లు. నాలుగవ చరణమున్న చోట యాబదియైదేండ్లుగా ఆమె "ఊఁ ఊఁ" అని కూనిరాగము తీసి సరిపెట్టుకొనుచుండెను.

ఆ యేడు రేగడిదుర్గమును పడమటి దండు చుట్టుముట్టి ఎనుబదినాళ్లయినది. కొండ చుట్టును పగవారి గుడారములు పుట్టగొడుగులవలె మొలిచియుండెను. వారి ఏనుగుల ఘీంకారము వినవచ్చినప్పుడెల్ల కోటలోని గృహిణులు పొయ్యిలో కట్టెలు వెనుకకు లాగి చెవియొగ్గుచుండిరి. తిండిగింజలు తరిగినవి, ఓపిక తరిగినది. ఉత్తరపు సింహద్వారమొక్కటి మాత్రము చెక్కుచెదరక నిలిచియుండెను. దానిని కాచువాడు బొల్లమ నాయకుడు. ఎనిమిది వందలమంది భటులతో ఆ ద్వారము నీడనే తిని, ఆ నీడనే కునుకు తీయువాడు.

ద్వారముపై ఫిరంగులకు కావలసిన మందు బయ్యక్క కొట్టులోనిది. కోటగోడ లోపలనే, దక్షిణపు లోయలో, ఇండ్లకు మున్నూరు బారల దూరమున, కాలువకు ఆవల ఉన్నది ఆ కొట్టు. మందులో కలియు పెట్లుప్పు, గంధకము నిలువచేయుటకు ఆ రాజ్యమున ముద్ర పొందినది ఆ ఉప్పర ఇల్లొక్కటే. ముద్రయనగా మూరెడు రాగిపలక. దానిపై కొట్టు ఎక్కడ ఉండవలెనో, ఎట్లుండవలెనో నేటి రాజుగారి తాత చెక్కించెను. భర్త పోయిన పిదప బయ్యక్కయే ఆ పలకను వాకిట వ్రేలాడదీసుకొని కొట్టు కాచుచుండెను. నిరుడు శాసనములు చెక్కు వీరోజు పనిమీద ఆ వైపు వచ్చినప్పుడు, అరువదియొకటవయేట ఆమె అతని ప్రక్కన చతికిలబడి అక్షరములు నేర్చినది. "ఇదేమి చిత్రమయ్యా! రాయి మాటాడుతుందే!" అని ఆమె మురిసిపోగా వీరోజు పగలబడి నవ్వెను.

ఒకనాటి ఉదయమున మహామంత్రి మాచన ప్రెగ్గడ పల్లకి ఆ కొట్టు ముందు దిగెను.

"ఉప్పరిదానా! రేపటిలోగా ఈ మందు సర్వమును సింహద్వారము క్రింది నేలమాళిగకు చేరవలె. ఫిరంగి ఒకచోట, మందు ఒకచోటనా? యుద్ధమనగా నీ వంటిల్లనుకొంటివా?"

బయ్యక్క చేతులు తుడుచుకొని లేచెను. "అయ్యగారూ, నా వంటింట్లో కూడా నిప్పు దగ్గర నెయ్యి పెట్టనండి. రోజుకు కావలసిన మందు రోజూ మోస్తూనే ఉన్నాం గదా. కొట్టు ఎక్కడుండాలో పెద్దరాజుగారు రాగిమీద రాయించిపోయారు. అది మార్చడానికి నేనెవర్ని? తమరెవరు?"

ప్రెగ్గడ ముఖము జేగురించెను. "తమరెవరంటివా! సూర్యుడు నడినెత్తికి వచ్చుసరికి సభకు రా. నీవు మందు దాచి పగవారికి అమ్మజూచుచున్నావని నేను చెప్పెదను. నీ తల కొరతకొయ్యపై నిలిచిన పిదప తెలియును నేనెవరో."

"తలకాయ తెల్లబడింది దొరా, దాంతో తమకేం పని? అయినా వస్తాను."

మధ్యాహ్నమునకు సభ నిండెను. కాచభూపతి ఇరువదిరెండేండ్లవాడు, తండ్రి పోయి యేడాది కాలేదు. సింహాసనమున కూర్చుండియు మంత్రి ముఖమువంకకే చూచు అలవాటు ఇంకను పోలేదు. ఒకప్రక్కన బొల్లమ నాయకుడు, భుజమున మానని గాయపు కట్టుతో నిలిచియుండెను.

ప్రెగ్గడ రాగిపలకను చేతబట్టి గంభీరముగా చదివెను. "ఊరికి మున్నూరు బారల దూరమున, నీటికి చేరువను, తాటాకు కప్పును బారెడు గోడయు గల కొట్టునందే మందు నిలువచేయవలెను. యుద్ధకాలమున స్థలము మార్పించవచ్చును. ప్రభూ, ఇంతకు మించి వ్రాత లేదు. మంత్రి ఆజ్ఞను ధిక్కరించి, పగవారికి అమ్మజూచి మందు దాచిన ఈ ముసలిదానికి మరణమే తగును."

"ఒక్క మాట, మారాజా," అనెను బయ్యక్క. "అయ్యగారు చదివినచోటి కింద ఇంకా జానెడు రాగి ఉంది. చిలుము పట్టి పచ్చగా ఉంది గానీ బోడిగా లేదు. రాజముద్రను తోమితే తప్పేమోనని ముప్పై ఏళ్లుగా ముట్టుకోలేదు. సెలవిప్పిస్తే ఓ పిడికెడు చింతపండు..."

సభ గొల్లున నవ్వెను. "సింహాసనము ముందు అంట్లు తోమునట!" అని ప్రెగ్గడ ఎకసెక్కెమాడెను. బొల్లమ నాయకుడు మాత్రము నవ్వలేదు. "తోమనిండు ప్రభూ. రాగి అబద్ధమాడదు."

వంటశాలనుండి చింతపండు వచ్చెను. రాజుగారి ఎదుటనే నేలపై కూర్చుండి ఆమె తోమెను. పచ్చని చిలుము కరిగి, ఎఱ్ఱని రాగిపై అక్షరములొక్కొక్కటే కన్నులు తెరచినవి. వ్రేలు పెట్టి, కూడబలుకుకొనుచు, ఆమె చదివెను. "స్థలము... మార్పించు... వాడు, ఎవడైనను సరే, తన... ఇంటి... ఉయ్యాలను... ఆ మందు ప్రక్కనే... కట్టవలెను."

చదివి తలయెత్తినది. కన్నుల నీరు గిర్రున తిరిగెను. "అమ్మా! ఇదే గదటే నా పాట! 'మార్చినవాడి ఉయ్యాల పక్కనే కట్టు!' ముప్పై ఏళ్లుగా నా గుమ్మానికే వేలాడుతోందే!"



"ఇది ఉప్పరవారికి పెట్టిన కట్టుబాటు గాని మహామంత్రులకు కాదు," అని ప్రెగ్గడ గద్దించెను. "ఎవడైనను సరే" యన్న మాటను బయ్యక్క వ్రేలితో చూపెను. "మా మనుమనికి నాలుగవ నెల. జ్వరము తగిలినది," అనెను ప్రెగ్గడ. "ఉత్తరదిక్కు వానికి పొసగదు," అనెను మరల.

బొల్లమ నాయకుడు ముందుకు వచ్చెను. "ప్రెగ్గడా! మీ మనుమడు పడుకొనరాని చోట నా ఎనిమిది వందలమంది ఎట్లు పడుకొందురు? వారికి తల్లులు లేరా? వారు ఉయ్యాలలలో ఊగలేదా?"

ప్రెగ్గడ అతని వంక చూచెను. ఆ చూపులో నాగుపాము పడగయెత్తి మరల ముడుచుకొన్నది. "సరే. రేపే కట్టించెదను," అనెను.

"ఉయ్యాల వచ్చాకే మందు వస్తుంది," అనెను బయ్యక్క. రాజు మొదటిసారిగా మంత్రి ముఖము చూడకయే తలయూపెను.

మరునాడు మధ్యాహ్నము దాటునప్పటికి నేలమాళిగలో దంతపు చెక్కడపు ఉయ్యాల వ్రేలాడుచుండెను. పైన పట్టుదుప్పటి, ప్రక్కన దాది ఊపుచుండెను. బయ్యక్క మొదటి బండి మందును ద్వారమునకు నూరుబారల దూరమున నిలిపించి, రాజును, నాయకుని వెంటబెట్టుకొని లోపలికి వచ్చెను. ప్రెగ్గడ గుమ్మమున నిలిచి, "చూచితివి గదా! ఇక మందు దింపించుము. పసివాడు నిద్రించుచున్నాడు, దిష్టి తగులును, దగ్గరకు రావలదు," అనెను.

అప్పుడే పైనున్న ఫిరంగి మ్రోగెను. నేలమాళిగ రాళ్లు వణికి సున్నము రాలెను. దూరమున కోటలోని పసిబిడ్డలందరు ఒక్కపెట్టున కేరుమనిరి. ఉయ్యాలలో మాత్రము ఉలుకు లేదు, పలుకు లేదు.

ఆరుగురిని కని, పదునొకండుమంది మనుమలను ఎత్తిన బయ్యక్క తల ప్రక్కకు వంచి వినెను. "ఇదేమి చిత్రమయ్యా," అని మెల్లగా అనుకొని, దాది అడ్డువచ్చులోపలనే దుప్పటి తొలగించెను.

లోపల సన్నెకల్లు పొత్రము! నున్నగా, నల్లగా, తలకు కుళ్లాయితో!

"బారసాలనాడు ఉయ్యాల్లో పొత్రం పెట్టి ఊపుతాం అయ్యగారూ, బిడ్డ గట్టిగా ఉండాలని. ఊపి తీసేస్తాం. తమరింకా తీయలేదే!" అనెను బయ్యక్క. కుళ్లాయి ఊడదీసి మరల అనెను. "బిడ్డ ఇక్కడుంటే ఏమవుతుందో తమకు తెలుసు. ఎప్పుడవుతుందో కూడా తెలుసు."

బొల్లమ నాయకుని కత్తి ఒరనుండి వెడలెను. భటులు నేలమాళిగ వెనుకనున్న సొరంగపు దారి వెదకగా, నిప్పుకుండతో నక్కియున్న ప్రెగ్గడ సేవకుడు దొరికెను. సూర్యాస్తమయమున మందు అంటించుట, ద్వారము కూలుట, పొదలలో పొంచియున్న పడమటి దండు లోనికి వచ్చుట. ఇదియే పన్నుగడయని వాడు మొదటి దెబ్బకే ఒప్పుకొనెను.

ప్రెగ్గడ సంకెలలలో కూడ తల వంచలేదు. "మీ తండ్రికి రాజ్యము నడుపుట నేర్పినవాడను నేను! నాకు మీరిచ్చినదేమి? పల్లకియా? పడమటివారు సగము సీమ ఇత్తుమనిరి. ఓసీ ముసలిదానా, నీ చేతికి అక్షరములిచ్చినవాని చేతులు విరుగ!" అని అరచుచుండగా రాజు చేయెత్తెను. "ఈతనిని చెరసాలకు కొనిపొండు. ఆ పొత్రమును గూడ ప్రక్కన ఉంచుడు. దానితో మాటాడుకొనును."

ప్రొద్దు వ్రాలుచుండెను. పగవారు పొదలలో పొంచి ప్రేలుడు కొరకు కాచియున్నారు. బొల్లమ నాయకుడు తన ఆలోచన చెప్పెను: వారు అంత చేరువగా మరల దొరకరు, ఇరువది కుండల మందు ద్వారము చెంతకు తెచ్చి, ఫిరంగులన్నియు ఒక్కసారి మ్రోగించి, తలుపులు తెరచి పైబడవలెను.

"మంచి ఆలోచనే నాయకా," అనెను బయ్యక్క. "కానీ కట్టుబాటు నీకూ అదే."

భటులు తెల్లబోయిరి. నాయకుడు తన ఇంటికి కబురంపెను. చెల్లి యను పేరుగల అతని ఆరునెలల కూతురిని ఎత్తుకొని వచ్చిరి. పాత చీరతో కట్టిన ఉయ్యాలను అతడు తన చేతులతోనే కుండల ప్రక్కన వ్రేలాడదీసెను. బయ్యక్క దాని చెంత కూర్చుండి త్రాడు పట్టెను.

ఫిరంగులు మ్రోగినవి. చెల్లి కోటయంతయు వినునట్లు కేరుమనెను. ఆ యేడుపు విని ద్వారమునొద్ద భటులందరు ఒక్కసారి నవ్వి, నవ్వుచునే పగవారిపై దుమికిరి. చీకటి పడకమునుపే పడమటి దండు విరిగి కొండ దిగి పారిపోయెను, రేగడిదుర్గము నిలిచెను. బొల్లమ నాయకుని మాత్రము డాలుపై పరుండబెట్టి తెచ్చిరి. రొమ్మున మూడు బాణములు, వీపున ఒక్కటియు లేదు.

కుండలలో ఒక్కటియు అంటుకొనలేదు. బయ్యక్క త్రాడు విడువలేదు. తలుపులు తెరుచుకొను ముందు అతడు వంగి కూతురి అరికాలు ముద్దాడి, బయ్యక్కతో అన్న మాటయే ఆమె చెవులలో నిలిచిపోయెను.

"ఏడిస్తే భయపడకు అవ్వా. ఏడవకపోతేనే లేచి చూడు."